బంకమట్టిలో చిక్కిన లోహం, దాన్ని కదిలించే కరెంటు

(చెన్నై టి.నగర్‌లో తెలుగువారు ఏర్పాటు చేసుకున్న ఒక ఆదివారపు సభలో, నేల ఇంజనీరింగ్ బోధించి విశ్రాంతి పొందిన ఒక అధ్యాపకులు చేసిన ప్రసంగమిది. రాలేకపోయినవారి కోసం రికార్డు విని రాశాం. తడబాట్లు తప్ప మరేమీ తొలగించలేదు.)

సభకు విచ్చేసిన పెద్దలకు, సోదరీసోదరులకు, వెనుక నిలబడి వింటున్న విద్యార్థులకు నమస్కారం. వెనుకవారికి కుర్చీలు తెప్పిస్తున్నారు, కాసేపు ఓపిక పట్టండి.

నా ముందు బల్ల మీద రెండు గాజు తొట్లు ఉన్నాయి. ఒక్కొక్కటి 24 సెంటీమీటర్ల పొడవు. రెండింటిలోనూ ఉన్నది ఒకే మట్టి. వినాయక చవితికి బొమ్మలు చేసేవారి దగ్గర తెచ్చిన చెరువు బంకమట్టి. ఆ మట్టిని మైలుతుత్తం, అంటే రాగి సల్ఫేట్, కలిపిన నీళ్లతో మెత్తగా పిసికి తొట్లలో నింపాను. ప్రతి తొట్టికీ రెండు చివర్లలో, పాత టార్చిలైటు సెల్లుల్లోంచి తీసిన కార్బన్ కడ్డీలు గుచ్చి, 12 వోల్టుల స్కూటర్ బ్యాటరీలు రెండింటిని వరసగా కలిపి వాటికి తగిలించాను. అంటే 24 సెంటీమీటర్లకు 24 వోల్టులు, సెంటీమీటరుకు ఒక వోల్టు. నేలను కరెంటుతో శుభ్రం చేసే ప్రయోగాల్లో ఎక్కువగా వాడే కొలత కూడా దాదాపు ఇదే. బుధవారం సాయంత్రం కనెక్షన్ ఇచ్చాను. ఈ రోజుకు నాలుగు రోజులు.

రెండు తొట్లకూ తేడా ఒక్కటే. రెండో తొట్టిలో రుణ ధ్రువం దగ్గర ఉదయం ఒక చెంచా, సాయంత్రం ఒక చెంచా వెనిగర్ పోశాను. మొదటి తొట్టిలో పోయలేదు. ఆ వెనిగర్ ఎందుకు పోశాను? ఈ సాయంత్రం నేను చెప్పబోయేదంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ముందుగా, ఈ ఊళ్లో ఉంటున్న మనకు ఈ విషయం ఎందుకు? మనలో చాలామంది రోజూ లోకల్ రైల్లో క్రోంపేట మీదుగా వెళ్తుంటాం. ఆ పేరు ఎలా వచ్చిందో ఎప్పుడైనా ఆలోచించారా? ఒకప్పుడు అక్కడ క్రోమియంతో తోలు పదును చేసే క్రోం లెదర్ కంపెనీ ఉండేది. పేటకు ఆ పేరే నిలిచింది. ఒక లోహం పేరు పెట్టుకున్న పేట మన నగరంలోనే ఉంది. అక్కడి నుంచి పల్లావరం, నాగల్‌కేణి వైపు టానరీలు విస్తరించాయి. మన రాష్ట్రాలకు వెళ్లే దారిలోనే రాణిపేట ఉంది. అక్కడ మూతపడిన ఒక క్రోమేట్ కర్మాగారం వెనుక లక్ష టన్నులకు పైగా క్రోమియం వ్యర్థం గుట్టగా మిగిలిపోయింది. 2006లో ప్రపంచంలోని అత్యంత కలుషిత ప్రాంతాలంటూ పది పేర్లతో ఒక అంతర్జాతీయ జాబితా వెలువడితే, అందులో రాణిపేట పేరు ఉంది. అదే వేలూరు ప్రాంతపు టానరీల వ్యవహారంలో 1996 ఆగస్టులో సుప్రీంకోర్టు, కలుషితం చేసినవారే నష్టపరిహారమూ, శుద్ధి ఖర్చూ భరించాలనే సూత్రాన్ని మన దేశ చట్టంలో భాగంగా స్థిరపరిచింది. చిత్తూరు, నెల్లూరు నుంచి వచ్చినవారికి ఇవి దూరపు ఊళ్ల సంగతులు కావు.

లోహపు కాలుష్యానికి ఒక ప్రత్యేకత ఉంది. కూరగాయల చెత్త కుళ్లి మట్టిలో కలిసిపోతుంది. నేల మీద ఒలికిన నూనెను సైతం సూక్ష్మజీవులు కొంతకాలానికి తినేస్తాయి. సీసం అలా కాదు. సీసం సీసంగానే ఉంటుంది. కాడ్మియం కాడ్మియంగానే ఉంటుంది. దాన్ని కాల్చలేం, కుళ్లబెట్టలేం, మరొకటిగా మార్చలేం. నేల నుంచి బయటికి తీయాలి, లేదా కదలకుండా కట్టిపడేయాలి. మూడో దారి లేదు. తాగునీటిలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించకూడదనీ, క్రోమియం మొత్తం మీద 0.05 మించకూడదనీ మన దేశపు ప్రమాణం చెబుతోంది. ఇంత చిన్న అంకెలు పెట్టారంటే, నేలలో మిగిలిన కొద్దిపాటి లోహం కూడా బావి నీటిని ఎంతకాలం పాడు చేయగలదో గ్రహించవచ్చు.

తవ్వి తీసుకెళ్లి వేరేచోట పాతిపెట్టవచ్చు కదా అంటారు. పెట్టవచ్చు. గుమ్మిడిపూండిలో ప్రమాదకర వ్యర్థాలను అడుగున పొరలు పరిచి పాతిపెట్టే స్థలం ఉంది. కాని మట్టి మీద ఇళ్లు ఉంటే? రోడ్డు ఉంటే? పక్కన బడి ఉంటే? ఇల్లు పడగొట్టకుండా ఇంటికింది మట్టిని ఎలా తవ్వుతారు?

అయితే నీళ్లు పోసి కడిగేద్దాం అంటారు. ఇసుక నేలైతే కొంతవరకు సాధ్యమే. బంకమట్టి దగ్గరే చిక్కంతా. దయచేసి ఈ లెక్క ఒక్కటి జాగ్రత్తగా వినండి. బాగా చిక్కని బంకమట్టి గుండా, మామూలు నీటి ఒత్తిడి మీద, నీరు ఏడాదికి మూడు మిల్లీమీటర్లు నడుస్తుంది. ఏడాదికి, రోజుకు కాదు. నేను పుట్టిన నాడు పోసిన నీళ్లు ఇప్పటికి జానెడు మందం దాటి ఉంటాయి. పైగా ఆ మట్టి రేణువుల మీద రుణావేశం ఉంటుంది. సీసం, రాగి, కాడ్మియం అయాన్ల మీద ధనావేశం ఉంటుంది. తెల్ల పంచెకు పసుపు మరక పట్టినట్టు, లోహం ఆ రేణువులను అంటిపెట్టుకొని ఉంటుంది. నీళ్లు పోసినంత మాత్రాన పోతుందా?

ఇక్కడే కరెంటు పనికి వస్తుంది. తడి మట్టిలో రెండు కడ్డీలు గుచ్చి ఏకముఖ విద్యుత్తును, అంటే బ్యాటరీ ఇచ్చే డీసీ కరెంటును పంపితే, ఒకేసారి మూడు పనులు జరుగుతాయి. ధనావేశం ఉన్న లోహపు అయాన్లు రుణ ధ్రువం వైపు బయలుదేరతాయి. రుణావేశం ఉన్నవి ఎదురుదిక్కుకు వెళ్తాయి. ఇది మొదటిది. మట్టి రంధ్రాల్లోని నీరు కూడా మొత్తంగా రుణ ధ్రువం వైపు నడుస్తుంది. దీన్ని ఎలక్ట్రో ఆస్మాసిస్ అంటారు. ఇది రెండోది. మూడోది అన్నింటికన్నా ముఖ్యమైనది, దాని గురించి కాసేపటిలో చెబుతాను.

ఆ రెండో పనిని కొంచెం నిదానంగా చూద్దాం, ఎందుకంటే నాకు ఈ శాస్త్రం మీద ప్రేమ పుట్టింది అక్కడే. నీటిని ఒత్తిడితో తోస్తే, రంధ్రం సన్నబడేకొద్దీ ప్రవాహం దారుణంగా పడిపోతుంది. ఇసుకకూ బంకమట్టికీ మధ్య తేడా కోట్ల రెట్లు ఉండవచ్చు. కరెంటుతో లాగితే అలా పడిపోదు. ఎందుకంటే కరెంటు నీటిని వెనుక నుంచి తోయడం లేదు. ప్రతి రంధ్రపు గోడ పక్కన, మట్టి రుణావేశానికి ఆకర్షితమై గుమిగూడిన ధనావేశపు అయాన్లను పట్టుకొని లాగుతోంది. అవి తమతోపాటు నీటిని ఈడ్చుకుపోతాయి. రంధ్రం ఎంత సన్నదైనా గోడ ఉంటుంది కదా! అందువల్ల సెంటీమీటరుకు ఒక వోల్టు ఇస్తే, నీరు చాలా రకాల బంకమట్టిలో రోజుకు ఒకటి నుంచి ఎనిమిది సెంటీమీటర్ల దాకా నడుస్తుంది. ఏడాదికి మూడు మిల్లీమీటర్లు ఎక్కడ, రోజుకు కొన్ని సెంటీమీటర్లు ఎక్కడ?

ఇది కొత్తగా కనిపెట్టిన విషయం కూడా కాదు. వోల్టా తన బ్యాటరీ తయారు చేసిన పదేళ్లలోపే, మాస్కోలో రాయిస్ అనే ఆచార్యుడు బంకమట్టిలో కరెంటు పంపి నీరు కదలడాన్ని చూశాడు. ఆ పరిశీలన 1809లో అచ్చయింది. 1930లలో జర్మనీలో లియో కసాగ్రాండే మెత్తటి నేలలోని నీటిని ఇలా లాగి, తవ్విన గట్లు కూలకుండా నిలబెట్టాడు. నాకు మరింత దగ్గరగా అనిపించేది 1936 నాటి పని. అవిభక్త పంజాబులో పూరీ, ఆనంద్ అనే ఇద్దరు మన శాస్త్రజ్ఞులు చౌడు నేలలోకి కరెంటు పంపి, అందులోని సోడియంను బయటికి తీయవచ్చని చూపించారు. లోహాల కాలుష్యం అనే మాట ప్రపంచంలో ఇంకా ఎవరూ పెద్దగా అనని రోజుల్లో, మన రైతు చౌడు బాధ తీర్చడానికి చేసిన ప్రయత్నం అది. తర్వాతి కాలంలో లోహాల వైపు ఈ శాస్త్రాన్ని నడిపినవారిలో అమెరికాలోని లూసియానాలో పనిచేసిన యాల్చిన్ అజార్, ఉస్మానియాలో చదువుకొని షికాగోలో ఆచార్యులైన మన కృష్ణారెడ్డి ముఖ్యులు.

ఇప్పుడు మూడో పని. కడ్డీల దగ్గర నీరు విడిపోతుంది. ధన ధ్రువం దగ్గర ఆక్సిజన్ బుడగలతోపాటు ఆమ్లం పుడుతుంది. రుణ ధ్రువం దగ్గర హైడ్రోజన్ బుడగలతోపాటు క్షారం పుడుతుంది. ఎంత ఆమ్లం అనుకుంటున్నారు? పీహెచ్ రెండు దాకా దిగుతుంది, దాదాపు నిమ్మరసమంత. అటువైపు పదకొండు దాటుతుంది, సున్నపు తేట దగ్గరికి చేరుతుంది. నా మాట నమ్మనక్కర లేదు. మొదటి వరుసలోని అమ్మాయీ, నువ్వు ఇలా రామ్మా. ఈ సీసాలో మందార పూల రసం ఉంది. ఈ దూది పుల్లను అందులో ముంచి ధన ధ్రువం దగ్గరి నీటికి తగిలించు. ఏ రంగు వచ్చింది? ఎర్రగులాబీ రంగు. ఇప్పుడు ఇంకో పుల్ల తీసుకొని రుణ ధ్రువం దగ్గర తగిలించు. ఆకుపచ్చ. పసుపు నీళ్లలో తడిపి ఆరబెట్టిన ఈ కాగితాన్ని కూడా అక్కడే ముంచు. ఎర్రబడింది, చూశారా? పెళ్లిళ్లలో పసుపులో సున్నం కలిపి పారాణి చేస్తారే, ఇదీ అదే చర్య. నేను సున్నం వేయలేదు. కరెంటు క్షారాన్ని పుట్టించింది.

ఆమ్లం మనకు మిత్రుడు. అది మట్టి రేణువుల నుంచి లోహాన్ని ఊడదీస్తుంది, నీటిలో కరిగిస్తుంది, కదిలే స్థితికి తెస్తుంది. అదృష్టవశాత్తు ఆమ్లపు హైడ్రోజన్ అయాను, క్షారపు అయాను కంటే సుమారు 1.8 రెట్లు వేగంగా నడుస్తుంది. అందుచేత ధన ధ్రువం నుంచి బయలుదేరిన ఆమ్లపు అంచు మట్టిలో సగం దాటి ముందుకు పోతుంది. లోహం దాని ముందు నడుస్తుంది. అంతా బాగానే ఉంది. కాని ఎదురుగా క్షారం వస్తోంది కదా! ఆ రెండూ కలిసిన చోట ఏమవుతుంది?

నిమ్మతోటలు, తమలపాకు తోటలు ఉన్నవారికి బోర్డో మిశ్రమం తెలుసు. మైలుతుత్తం నీళ్లలో సున్నపు తేట పోస్తే ఏమవుతుంది? తేటగా ఉన్న నీలి నీరు చిక్కబడి, నీలి ముద్దగా విరుగుతుంది. క్షారం తగలగానే రాగి కరిగిన స్థితి వదిలి గట్టిపడుతుంది. ఈ మొదటి తొట్టిని చూడండి. రుణ ధ్రువానికి ఎనిమిది సెంటీమీటర్ల ఇవతల, అడ్డంగా నీలి గీత కనిపిస్తోందా? అక్కడే రాగి ఆగిపోయింది. తొట్టి అంతటా పలచగా ఉన్న రాగి ఒక్కచోట గుమిగూడి గట్టిపడింది. మట్టి రంధ్రాలు మూసుకుపోయాయి, కరెంటు తగ్గిపోయింది. ఇంకో నెల ఆగినా అది పెద్దగా కదలదు. ఇప్పుడు చెప్పండి, ఈ మట్టి శుభ్రమైందా? కాలేదు. లోహం చోటు మారింది, అంతే.

ఇప్పుడు వెనిగర్ సంగతి. వెనిగర్‌లో ఉండేది ఎసిటిక్ ఆమ్లం. అది రుణ ధ్రువం దగ్గర పుట్టే క్షారాన్ని పుట్టిన చోటే చల్లార్చేస్తుంది. పైగా రాగి గానీ, సీసం గానీ ఎసిటేట్ రూపంలో నీటిలో చక్కగా కరుగుతాయి. రెండో తొట్టిలో నీలి గీత లేదు. మరి రాగి ఏమైంది? ఈ కడ్డీని పైకి తీస్తున్నాను, వెనుకవారు కూడా చూడండి. నల్లటి కార్బన్ మీద ఎర్రటి పూత. అది రాగి. మట్టిలోంచి నడిచివచ్చి కడ్డీ మీద చేరింది. దీన్ని గీరి సీసాలో వేయవచ్చు, తూచవచ్చు. లోహం మన చేతికి చిక్కినప్పుడే శుద్ధి జరిగినట్టు. అంతకుముందు జరిగినది ప్రయాణం మాత్రమే. ఈ రంగంలోకి వచ్చే ప్రతి విద్యార్థికీ నేను మొదట చెప్పే మాట ఇదే, ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

ఈ మాట నేను పుస్తకంలో నేర్చుకోలేదు. చాలా ఏళ్ల క్రితం నగర శివారులో లోహపు పూతలు వేసే ఒక చిన్న కర్మాగారపు పెరట్లో మేము ఒక ప్రయోగం చేశాం. మూడు వారాలు కరెంటు నడిపి, రెండు వరుసల కడ్డీల మధ్య నుంచి, సరిగ్గా నడుమ నుంచి మట్టి నమూనాలు తీశాం. నికెల్ బాగా తగ్గినట్టు అంకెలు వచ్చాయి. సంతోషించాం, నివేదిక కూడా రాయడం మొదలుపెట్టాం. మాతో పనిచేస్తున్న ఒక లాబ్ సహాయకుడు రుణ ధ్రువానికి జానెడు దూరంలో ఒక నమూనా తీసి తెచ్చాడు. అందులో మొదట్లో ఉన్నదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ నికెల్ ఉంది. మేము లోహాన్ని తీయలేదు, ఒక మూలకు నెట్టాం. ఆ నివేదికను అక్కడే ఆపాం. అతను ఆ గుప్పెడు మట్టి తేకపోయి ఉంటే, ఆ పెరటి యజమాని తన నేల శుభ్రమైందనే నమ్ముకొని ఉండేవాడు. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ భయం వేస్తుంది.

బయటి దేశాల్లో నిజమైన స్థలాల్లో జరిగిన పనుల్లో రెండింటి గురించి చెబుతాను. 1987లో నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో ఒక పాత రంగుల కర్మాగారం స్థలంలో, 70 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, ఒక మీటరు లోతు మట్టిలో, రోజుకు పది గంటల చొప్పున 43 రోజులు కరెంటు పంపారు. రాగి సుమారు 80 శాతం, సీసం సుమారు 70 శాతం తగ్గాయి. ఘనపు మీటరు మట్టికి 65 యూనిట్ల కరెంటు పట్టింది. మన లెక్కలో చెప్పుకుంటే, ఎకరం నేలను మీటరు లోతు శుభ్రం చేయాలంటే ఆ చొప్పున సుమారు రెండు లక్షల అరవై వేల యూనిట్లు కావాలి. తక్కువేమీ కాదు. కాని అదే ఎకరం మట్టిని, నాలుగు వేల ఘనపు మీటర్లను, తవ్వి, లారీలకు ఎత్తి, పాతిపెట్టి, దానికి ఎల్లకాలం కాపలా కాసే ఖర్చును కూడా పక్కన రాసుకొని చూడాలి.

రెండోది 1998లో అమెరికాలో, కాలిఫోర్నియా తీరంలోని పాయింట్ ముగూ నౌకాదళ కేంద్రంలో జరిగింది. పూత పనుల వ్యర్థాల గుంటల్లో క్రోమియం, కాడ్మియం ఉన్నాయి. సముద్రపు ఒడ్డు కాబట్టి నేలంతా ఉప్పు. ఆమ్లపు అంచు అనుకున్నంత వేగంగా సాగలేదు. ఉప్పులోని క్లోరైడ్ వల్ల ధన ధ్రువం దగ్గర క్లోరిన్ పుట్టింది. పని అనుకున్నట్టు పూర్తి కాలేదు. ఎన్నూరు, మణలి వైపు ఉప్పు తేలిన నేలల మీద ఈ పద్ధతి ఆలోచించేవారు గ్రోనింగెన్ కంటే ముందు పాయింట్ ముగూ గురించి చదవాలని నా గట్టి అభిప్రాయం.

మన నేలల్లో ఇంకో పరీక్ష ఉంది. సున్నపు పలుకులు ఉన్న నేల ఆమ్లాన్ని మింగేస్తుంది. ఎంత కరెంటు పంపినా, పుట్టిన ఆమ్లమంతా సున్నాన్ని కరిగించడానికే ఖర్చవుతుంది. లోహం దాకా చేరదు. గుప్పెడు మట్టి మీద కాసిని చుక్కల ఆమ్లం వేసి చూడండి. బుసబుస పొంగితే, ఆ నేలలో మామూలు పద్ధతి పనిచేయదని ముందే తెలిసిపోతుంది. అప్పుడు లోహాన్ని పట్టుకొని కరిగించే సిట్రిక్ ఆమ్లం, ఈడీటీఏ వంటివి వాడాల్సి ఉంటుంది. ఈడీటీఏ సీసాన్ని పట్టుకున్నాక ఆ జంటకు రుణావేశం వస్తుంది; కాబట్టి సీసం ఎదురుదిక్కుకు, ధన ధ్రువం వైపుకు నడుస్తుంది. ఇది తెలియక రుణ ధ్రువం దగ్గర ఎదురుచూస్తూ కూర్చుంటే ఏం లాభం?

క్రోమియం విషయంలో ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. టానరీల్లో వాడేది మూడు ఆవేశాల క్రోమియం. అది అంత తేలిగ్గా కదలదు, దాని విషగుణం కూడా తక్కువ. క్రోమేట్ కర్మాగారాల నుంచి, పూత పనుల నుంచి వచ్చేది ఆరు ఆవేశాల క్రోమియం. అది పసుపు రంగులో నీటిలో కరుగుతుంది, క్యాన్సర్ కలిగిస్తుంది, నేలలో వేగంగా పాకుతుంది. ఇది క్రోమేట్ రూపంలో రుణావేశంతో ఉంటుంది కాబట్టి ధన ధ్రువం వైపు నడుస్తుంది. దీనికి ఆమ్లం మిత్రుడు కాదు. ఆమ్లపు మట్టి క్రోమేట్‌ను పట్టి ఉంచుతుంది. సీసానికి మేలు చేసిన ఏర్పాటే క్రోమేట్‌కు అడ్డు నిలుస్తుంది. మరి ఒకే పెరట్లో రెండూ ఉంటే? అందుకే, నేలలో ఎంత లోహం ఉంది అని మాత్రమే అడిగితే చాలదు; ఏ రూపంలో ఉంది అని అడగాలి. ప్రయోగశాల నుంచి వచ్చే కాగితంలో క్రోమియం మొత్తం ఇంత అని ఒకే అంకె ఉంటే, ఆ కాగితాన్ని వెనక్కి పంపి, ఆరు ఆవేశాలది ఎంతో విడిగా రాయమని చెప్పండి.

రాణిపేట గుట్ట గురించి నన్ను చాలామంది అడుగుతుంటారు. క్రోమైట్ ఖనిజాన్ని సోడా, సున్నంతో కలిపి కాల్చగా మిగిలిన వ్యర్థం సున్నంతో నిండి, గట్టి క్షారంగా ఉంటుంది. ఆ గుట్టలోనే కడ్డీలు గుచ్చితే ఫలితం ఉండదని నేను నిస్సంకోచంగా చెబుతాను. గుట్టను ముందు వాన నీరు తగలకుండా కప్పాలి, తర్వాత తొలగించాలి. కరెంటుకు పని ఉన్నది ఆ గుట్ట నుంచి క్రోమేట్ ఊరిపోయిన చుట్టుపక్కల బంకనేలలో. అక్కడ రెండు ధ్రువాల మధ్య దారిలో ఇనుప రజను నింపిన కందకం ఒకటి పెడితే, కరెంటు క్రోమేట్‌ను ఆ ఇనుము దగ్గరికి నడిపిస్తుంది. ఇనుము దాన్ని మూడు ఆవేశాల క్రోమియంగా మార్చి అక్కడే నిలిపేస్తుంది. బయటికి తీయడం కాదు ఇది, కట్టిపడేయడం. మొదట్లో చెప్పిన రెండు దారుల్లో రెండోది.

కడ్డీల గురించి ఒక్క మాట. ధన ధ్రువానికి మామూలు ఇనుము పెడితే కరిగిపోతుంది. గ్రాఫైట్ లేదా పైపూత ఉన్న టైటానియం వాడాలి. నేలలో ఇనుప నీటి గొట్టాలు ఉంటే కరెంటు వాటి గుండా దారి చూసుకొని వాటినీ తినేస్తుంది, కాబట్టి ముందే వెతకాలి. రుణ ధ్రువం దగ్గర హైడ్రోజన్ వస్తుంది, కాబట్టి మూసిన గదిలో చేయకూడదు. ఈ తొట్లు పెట్టిన నాలుగు రోజులూ మా ఇంటి వరండాలోనే ఉంచాను. పిల్లలూ, ఇంట్లో చేసి చూడాలనుకుంటే చిన్న బ్యాటరీతోనే చేయండి. గోడకు ఉన్న ప్లగ్గు జోలికి ఎట్టి పరిస్థితుల్లోనూ వెళ్లకండి. మైలుతుత్తం కలిపిన మట్టిని మొక్కల్లో పోయకండి, చేతులు కడుక్కోకుండా ఏమీ తినకండి.

నేను ఇక ఆపుతాను. రెండు తొట్లనూ బల్ల అంచుకు జరుపుతున్నాను. ఒక్కొక్కరుగా వచ్చి, ఈ ప్లాస్టిక్ చెంచాతో మొదటి తొట్టిలోని నీలి గీత దగ్గర కొంచెం మట్టి తీసి చూడండి. తర్వాత రెండో తొట్టిలో సరిగ్గా అదే చోట తీసి చూడండి. చేతి తొడుగులు పక్కనే పెట్టాను. బ్యాటరీ తీగలు ఇప్పుడే తీసేశాను, భయపడనక్కర లేదు.